ఏ మందూ వద్దన్న ఎండాకాలం

మా వదిన కడుపులోకి ఆరు వారాలపాటు ఏ మందూ పోకుండా కాపలా కాసే పని హైదరాబాద్ డాక్టరు నాకు అప్పగించాడు. తొంభై ఎనిమిదో సంవత్సరం, ఫిబ్రవరి మొదటి వారం. మా చేలో పసుపు తవ్వకం సగంలో ఉంది.

"మీలో చదువుకున్నదెవరు?" అని అడిగాడాయన.

వదిన నా వైపు చూపించింది. "మా మర్ది తుకారాం సార్. ఆర్మూర్ల డిగ్రీ అయింది" అంది, నేనేదో కలెక్టరునైనట్టు.

డాక్టరు కాగితం వెనక కాలేయం బొమ్మ గీశాడు. ఆరేళ్ళ కింద వదినకు పెద్దాపరేషన్ అయినప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారు. దానితోనే వైరస్ వచ్చి ఉంటుందన్నాడు. ఇన్నాళ్ళూ చప్పుడు చేయకుండా కాలేయాన్ని తింటూ కూర్చుంది. దానికి ఈ మధ్య సూదులు వచ్చాయి, ఖరీదైనవే. వారానికి మూడు, ఏడాది పాటు.

"మరి ఎయ్యుండ్రి సార్" అంది వదిన.

"అక్కడే చిక్కొచ్చిందమ్మా. ఇంకో పరీక్షలో వేరే సంగతి కనిపిస్తోంది. మన ఒంట్లో మనల్ని కాపాడే బలగం ఒకటుంటుంది. ఒక్కోసారి అది దారి తప్పి, మన కాలేయాన్నే పగవాడనుకుని కొడుతుంది. మీ జబ్బు అదే అయితే, ఈ సూది ఆ బలగాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు."

"గా బలగాన్ని పండబెట్టే మందుంటది గద?"

"ఉంది. అసలు కారణం వైరసే అయితే, కాపలా లేని చేలో పశువులు పడ్డట్టు అది పెరిగిపోతుంది."

వదిన ఆ బొమ్మను తన వైపు తిప్పుకుంది. "అంటే కుట్టింది తేలో, కరిసింది పామో తెల్వకచ్చింది మీకు."

డాక్టరు మొదటిసారి నవ్వాడు. రక్తం బొంబాయికి పంపుతానన్నాడు. ఆరు వారాల తర్వాత మళ్ళీ రావాలి. అప్పటిదాకా ఒంటిని దాని మానాన వదిలేస్తేనే ఏది ఏ జబ్బో బయటపడుతుంది. పసరు వద్దు, భస్మం వద్దు, ఊరి డాక్టరు సూది వద్దు.

బయటికొస్తుంటే నన్ను ఒక్కణ్ణి ఆపాడు. "కాలేయం ఇప్పటికే కొంత గట్టిపడింది. ఊరికే ఆగడం లేదు నేను. ఈ ఆరు వారాలు పాడుచేయకండి."

*

మా ఇల్లు ఆర్మూర్ చివర, గుట్ట కింద. అన్న లింగన్న మస్కట్‌లో ఉండేవాడు. నాలుగేళ్ళయింది. ఆ జూన్‌లో మొత్తానికే వచ్చేస్తానన్నాడు. ఇంట్లో అమ్మ, వదిన, నేను. వ్యవసాయం నా పేరు మీద నడిచినా, నడిపించేది వదినే.

నేను కాపలా గట్టిగా కాశాను. మూడో రోజే దొరికింది దొంగ. అమ్మ భీమ్‌గల్ నుంచి కామెర్ల పసరు తెప్పించి, చెంబులో పోసి, మీద గంప బోర్లించింది. వదిన పిలిచి చూపించింది. నేను తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పారబోశాను.

"నీ చేతులిరగ!" అంది అమ్మ. "గా పసరుతోని మా మేనమామ బతికిండు. నీ అయిదరబాద్ డాక్టర్ ఒక్క గోలీ గూడ ఇయ్యకపాయె. గాయిన డాక్టరా, గడ్డిబొమ్మనా?"

"ఏదీ ఇయ్యొద్దనే చెప్పిండవ్వా. ఇస్తే పరీక్షలన్నీ ఆగమైతయి."

"పరీక్ష నీకు రా. పాణం దానిది."

పసరు పోయినందుకు అమ్మ వదిన కూరలో పసుపు బంద్ చేసింది. కామెర్ల జబ్బుకు పచ్చది తగలొద్దట. వదిన పొద్దంతా కూర్చునేది పసుపు కుప్పలో. గుండ్రటి గోళ వేరు, పొడుగాటి కొమ్ము వేరు చేసేది. గోళ్ళ నుంచి మోచేతుల దాకా పసుపే.

"అత్తా, పసుపు పీల్సుకుంట, పసుపుల పొర్లుకుంట ఉన్న. కూరల సిటికెడేస్తెనే సస్తనా?"

"నోరుమూసుకొని తెల్లకూర తిను" అంది అమ్మ.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరికి కామెర్లు వచ్చినా కనిపెట్టలేరు. అందరి చేతులూ ఒకటే రంగు. అందుకే నేను రోజూ పొద్దున, వదిన కుప్ప దగ్గరికి పోకముందే, గడపలో ఎండకు నిలబెట్టి కింది రెప్ప లాగి చూసేవాణ్ణి. తెల్లగా ఉండేది. లోపల ఊపిరి వదిలేవాణ్ణి.

"మంచిగ జూడు. కండ్లా, కొమ్ములా?" అనేది వదిన.

ఆమెను అసలు బాధపెట్టింది కాలేయం కాదు, మోకాళ్ళు. కాలేయం లోపల ఎక్కడో ఉందని కాగితం చెప్పింది. మోకాళ్ళు మాత్రం ప్రతి గంటా చెప్పేవి. కూర్చుంటే లేవలేదు. లేస్తే కూర్చోలేదు.

శుక్రవారం అన్నకు సెలవు. ఆ రోజు అంబదాస్ సేటు అడ్తికి ఫోన్ చేసేవాడు. మా పసుపు అమ్మిపెట్టేది ఆ సేటే. బస్తాల మధ్య స్టూలు మీద వదిన కూర్చుని, రిసీవరు రెండు చేతులతో పట్టుకుని అరిచేది. మస్కట్ దాకా గొంతు చేరాలని.

"డాక్టర్ ఆగుమన్నడు! ఆఁ, ఆరు వారాలు! కడుపుల ఏం లేదు, మోకాళ్ళే... పీకుతున్నయి! గీసారి పసుపు ఉడికిచ్చే కడాయి కాడ ఎట్ల కూసుంటనో ఏమో!"

అంబదాస్ సేటు చెవి గోక్కుంటూ, "నీలవ్వా, ఫోన్ ఎందుకు? గట్లనే బజార్ల నిలవడి అను, ఇనబడ్తది" అన్నాడు.

*

పన్నెండు రోజుల తర్వాత మోర్తాడ్ భూమన్న సెలవు మీద వచ్చాడు. మస్కట్‌లో అన్నతో ఒకే కూలీల క్యాంపులో ఉంటాడు. అన్న పంపిన సంచి తెచ్చుకోవడానికి సైకిలేసుకుని నేనే పోయాను. ఇంటికొచ్చి చాప మీద బోర్లించాం. సబ్బులు నాలుగు, అత్తరు సీసా, బ్యాటరీ లైటు, పాలపొడి డబ్బా, తలనొప్పి బామ్, అమ్మకు శాలువా. ఒక తెల్ల డబ్బాలో గోలీలు. దానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన చీటీ, అన్న చేతిరాత: "నీలకు. మోకాళ్ళకు. పొద్దున రెండు, సాయంత్రం రెండు. తిన్నంక."

సబ్బు వాసన ఇల్లంతా నిండింది. అమ్మ శాలువా కప్పుకుని అద్దం ముందు నిలబడింది. నేను డబ్బా మీదున్నది చదివాను. ఒకవైపు అరబ్బీ, ఒకవైపు ఇంగ్లీషు. పేరు చదివాను. గడువు తేదీ కూడా చూశాను. ఇంకా రెండేళ్ళుంది. సబ్బుల పక్కన గూట్లో పెట్టాను. ఆ రాత్రి అన్నం తినగానే వదిన చేతిలో రెండు గోలీలు పెట్టి, నీళ్ళచెంబు అందించింది నేనే.

నాలుగో రోజుకు వదిన లేచి నడిచింది. వారానికి కడాయి దగ్గర గొంతుక్కూర్చుంది.

పసుపు ఉడకబెట్టడమంటే మంట వేసి నీళ్ళు పోయడం కాదు. పచ్చి కొమ్ములు కడాయిలో నింపి, మీద పసుపాకు కప్పి, నురుగు పొంగి తెల్లటి ఆవిరి లేచేదాకా కాయాలి. ఒక క్షణం ముందు దింపితే ఎండాక విరిగిపోతుంది. ఒక క్షణం ఆలస్యమైతే రంగు చెడుతుంది. ఆ క్షణం మా వాడకట్టులో వదినకే తెలుసు. ఆవిరిలోకి ముఖం పెట్టి వాసన పట్టేది. పుల్లతో ఒక కొమ్మును గుచ్చేది. పుల్ల దిగిన తీరు చూసి "దించుండ్రి" అనేది. ఆ ఏడు ఇరవై రోజులు పక్కవాళ్ళ కడాయిలకు కూడా ఆమెనే పిలుచుకుపోయారు.

ముఖం నిండింది. బుగ్గలు వచ్చాయి. అందరూ అదే మాట.

"ఏం నీలవ్వా, మస్కట్ పైసలు బుగ్గల మీద కొడ్తున్నయి" అన్నాడు అంబదాస్ సేటు.

"నేను కూరల పసుపు బంద్ జేసిన. గందుకే" అని అమ్మ అడక్కముందే అందరికీ చెప్పుకునేది.

నాకూ ధైర్యం వచ్చింది. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేశాం కదా, ఒళ్ళు దానంతటదే బాగైంది అనుకున్నాను. రోజూ కళ్ళు చూస్తూనే ఉన్నాను. తెల్లగానే ఉన్నాయి.

*

మార్చి మూడో వారంలో మళ్ళీ హైదరాబాద్ పోయాం. వారం ముందే పంపిన రక్తానికి బొంబాయి నుంచి కాగితం వచ్చి ఉంది. వదిన కొత్త చీర కట్టుకుంది. డాక్టరు కాగితాలు ఒకసారి చూసి, మళ్ళీ మొదటికి తిప్పాడు.

"ఏ మందూ వాడలేదు కదా?"

"లేదు సార్" అన్నాను.

"పసరు?"

"పెంట మీద పారబోసిండు సార్. మా అత్త ఇంకా తిడ్తనే ఉంది" అంది వదిన.

"ఊళ్ళో సూదులు? గోలీలు? పొడులు?"

"ఏం లేవు సార్. ఒట్టు" అన్నాను.

ఆయన కాగితం మీద వేలు పెట్టాడు. "కాలేయం వాపు సగానికి సగం తగ్గింది. బొంబాయిలో వైరస్ లెక్క చూస్తే మొదటిసారికి ఇప్పటికి ఎన్నో రెట్లు పెరిగింది. ఇలా ఎందుకైందో నాకు అర్థం కావట్లేదు. వాపు దానంతటదే తగ్గిందంటే..." వదిన ముఖం వైపు చూస్తూ ఆగాడు. "వైరస్ సంగతి అలా ఉంచి, ఆ రెండో జబ్బుకు మందు మొదలుపెట్టాలేమో."

కలం తీసి చీటీ రాయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నమైంది. పొద్దున తొందరలో టిఫిన్ బస్టాండులో ఆలస్యంగా తిన్నాం. వదిన చీర కొంగు ముడి విప్పింది. "సార్, జర నీళ్ళుంటయా? పొద్దటియి ఏసుకోలే" అంది.

కలం ఆగింది.

"ఏవి?"

వదిన అరచేయి చాచింది. చిన్న తెల్ల గోలీలు రెండు. "మందులు గావు సార్. మా ఆయన పంపిన సామానుల వచ్చినయి. సబ్బులు, గవి..."

డబ్బా నా సంచిలోనే ఉంది. తీసి ఇచ్చాను. డాక్టరు పేరు చదివాడు. నేను చదివిన పేరే. ఇంకేదీ చదవాల్సిన అవసరం ఆయనకు లేకపోయింది. రాస్తున్న చీటీని రెండుగా చించి, బల్ల కింద బుట్టలో వేశాడు.

"ఇది నేను ఇవ్వడానికి భయపడుతున్న మందే. బలగాన్ని పడుకోబెట్టేది" అన్నాడు మెల్లగా. "ముఖం అందుకే ఉబ్బింది. వాపు అందుకే తగ్గింది. వైరస్ అందుకే పెరిగింది."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. వదిన చేయి ఇంకా చాచే ఉంది. గోలీలు ఏం చేయాలో తెలియక.

"ఇయ్యాల్టియి ఏసుకోనా సార్?" అంది.

"వేసుకోవాలమ్మా. ఒక్కసారిగా మానితే ప్రాణానికే ముప్పు. రోజుకు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. అన్నీ మానేశాక నెల రోజులు ఆగి, మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు."

నీళ్ళ గ్లాసు ఆయనే అందించాడు.

*

బస్సు మేడ్చల్ దాటింది.

"వదినె, నేనే ఇచ్చిన" అన్నాను. "అన్న పంపిన సామానే అనుకున్న, మందని తోచలే. ఇంగ్లీష్ చదవొచ్చిన నేను..."

"నువ్వు ఇచ్చినవ్. నేను మింగిన. ఆయన పంపిండు. ముగ్గురం గలిసే చేసినం. ఇగ ఊకో." కిటికీ వైపు తిరిగింది. కొంచెంసేపటికి మళ్ళీ అంది. "మీ అన్నకు చెప్పకు. నా మోకాళ్ళ కోసం ఎందరిని అడిగిండో, ఏ దుకాణం తిరిగిండో. గీ ముచ్చట తెలిస్తే అన్నం ముట్టడు."

"మల్ల అడుగుతడు గద."

"నేను జెప్పుకుంట."

శుక్రవారం అన్న అడిగాడు. ఆయన గొంతు రిసీవరులోంచి నాకు కూడా వినిపించింది. "గోలీలు పనిజేస్తున్నయా? ఇంకో డబ్బా పంపాల్నా?"

"మస్తు పనిజేసినయి!" అని అరిచింది వదిన. "ఇగ సాలు!"

*

ఏప్రిల్ గోలీలు తగ్గిస్తూ గడిచింది. సగం చేయడం, పావు చేయడం. నేను బ్లేడుతో కోసి కాగితంలో పొట్లాలు కట్టేవాణ్ణి. పావులోకి వచ్చేసరికి మోకాళ్ళు మళ్ళీ పట్టుకున్నాయి, వడ్డీతో. కల్లంలో పసుపు ఎండుతుంటే తిరగేయడానికి వదిన లేవలేకపోయేది. మంచం వేపచెట్టు నీడకు లాగితే, పడుకునే కూలీలకు పని చెప్పేది. బుగ్గలు దిగిపోయాయి. ఇదివరకు మెచ్చుకున్నవాళ్ళే "ఏందే, గిట్లయినవ్?" అనడం మొదలుపెట్టారు.

మే నెల మొదట్లో ఒకరోజు పొద్దున రెప్ప లాగితే పచ్చగా ఉంది. చేతికంటిన పసుపు కాదు, గాలికి లేచిన పొడి కాదు. నేను రెండో కన్ను కూడా చూశాను.

"ఏమైందిరా, గడెసేపు జూస్తున్నవ్" అంది వదిన. నేను రెప్ప వదిలేశాను. "ఓహో" అంది.

అమ్మకు చెప్పనక్కర్లేకపోయింది. మధ్యాహ్నానికి భీమ్‌గల్ పసరు మళ్ళీ చెంబులో వచ్చింది. ఈసారి గంప కింద దాచలేదు. మంచం పక్కన పెట్టి నిలబడింది. "వాడు వద్దన్నా వీడు వద్దన్నా ఇగ నేను ఇన. ఏం ఇయ్యక పాణం తీస్తరా? తాగు."

నేను లేచాను. అమ్మ నా వైపు చూసిన చూపుకు మళ్ళీ కూర్చున్నాను. ఆ రోజు నాకు పారబోసే హక్కు లేదనిపించింది. గోలీలు అందించిన చేతులే కదా ఇవి.

వదిన చెంబు చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది, కడాయి దగ్గర ఆవిరి పట్టినట్టే. చాలాసేపు.

"అత్తా" అంది. "ఉడుకుతున్నప్పుడు తొందరవడి మూత తీస్తె నువ్వే తిడ్తవ్ గద నన్ను?"

"గది పసుపు."

"నాది గూడ గట్లనే ఉంది. ఇంకో ఇరవై రోజులు. గప్పుడు డాక్టర్ ఏం జెప్పకుంటె, గీ చెంబు నేనే అడిగి తాగుత."

అమ్మ చెంబు తీసుకుని లోపలికి పోయింది. పారబోసిందో, దాచిందో నేను చూడలేదు.

ఆ శుక్రవారం వదిన అడ్తి దాకా నడవలేకపోయింది. ఫోన్ నేనే ఎత్తాను. అన్న మొదటి మాటే, "నీల ఏది?" ఏదో కథ చెబుదామనుకున్నాను. నోరు తిరగలేదు. మొత్తం చెప్పేశాను, గోలీల పేరుతో సహా.



"దినాం మింగిందా?" అన్నాడు అన్న.

"దినాం."

"నేను రాసినట్టేనా? పొద్దున రెండు, సాయంత్రం రెండు?"

"ఊఁ."

అంబదాస్ సేటు అప్పటిదాకా కాగితాలు సర్దుతున్నవాడు లేచి, ఏదో గుర్తొచ్చినట్టు బయటికి పోయాడు.

"గా సూదులు తక్కువల అయ్యేటియి గావంటిరి గదరా" అన్నాడు అన్న. "నేను జూన్ల వస్తలేను. ఇంకో రెండేండ్లకు సంతకం పెడ్త. ఈడి సేటు ఇడుస్తలేడని చెప్పు మీ వదినెకు. నాకు తెలిసిందని చెప్పకు."

ఇంటికొచ్చి అలాగే చెప్పాను. వదిన విని, "ఆడి సేటు ఇడువకపోతె ఆయన మాత్రం ఏం జేస్తడు" అంది. నా ముఖం మాత్రం చూడలేదు. కొద్దిసేపటికి గోడ వైపు తిరిగి పడుకుంది.

*

జూన్ మొదట్లో హైదరాబాద్‌లో వదిన పక్కటెముకల మధ్య నుంచి సూది దింపి, కాలేయంలోంచి దారమంత ముక్క తీశారు. వారం రోజులకు డాక్టరు పిలిచి చెప్పాడు. వైరసే. ఆ రెండో పరీక్షలో కనిపించింది వైరస్ రేపిన అలజడి మాత్రమే, వేరే జబ్బు కాదు. కాలేయం ఫిబ్రవరిలో కంటే గట్టిపడింది. వైరస్ సూదులకు లొంగుతుందో లేదో మూడు నెలలయ్యాకే తెలుస్తుంది. అయినా ఇక ఆగేది లేదు.

"ఇప్పుడు తెలిసింది కదమ్మా, ఏం కరిచిందో" అన్నాడు.

"తెలిసే యాళ్ళకు ఇసం నెత్తికెక్కింది సార్" అంది వదిన. తర్వాత తనే, "ఎయ్యుండ్రి" అంది.

మొదటి సూది ఆర్మూర్‌లో కాంపౌండరు వేశాడు, మిట్టమధ్యాహ్నం. మంచుగడ్డల ఫ్లాస్కులో పెట్టి నేను ఒళ్ళో పట్టుకుని తెచ్చిన సీసా. నాలుగైదు గంటల్లో చలిజ్వరం వస్తుందని, వస్తే మందు ఒంటికి పట్టిందనుకోవాలని డాక్టరు ముందే చెప్పాడు. అది విన్నప్పటి నుంచీ అమ్మకు వేరే ధ్యాస లేదు.

మూడింటికి నుదురు పట్టి చూసింది. "సల్లగనే ఉంది."

నాలుగింటికి మళ్ళీ. "ఏమైందిరా? మంచుల బెట్టి తెచ్చినవా లేదా?"

"తెచ్చిన్నే."

"పాడైన సూది గాదు గద?"

"గాదే అవ్వా."

వాన మొదలైంది. చేలో పసుపు విత్తనం పెట్టడానికి పోయిన కూలీలు తడుస్తూ తిరిగొస్తున్నారు. వదిన గడపలో గోడకానుకుని కూర్చుని, వాళ్ళు ఎన్ని సాళ్ళు వేశారో అడుగుతోంది. గొంతు మామూలుగానే ఉంది. అయిదైంది. ఇక రాదేమో అనుకున్నాను. ఒళ్ళు ఆ మందును అసలు గుర్తే పట్టలేదేమో. అన్న రెండేళ్ళు, ఈ ఎండాకాలం, అంతా...

వదిన మాట మధ్యలో ఆగింది. కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. మళ్ళీ మాట్లాడబోతే పళ్ళు టకటకమన్నాయి.

"తుకారాం" అంది. "గొంగడి తే."

రెండు గొంగళ్ళు కప్పాను. చాల్లేదు. మూడోది కప్పాను. గొంగళ్ళ కింద ఆమె ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది. అమ్మ వానలోకే పరిగెత్తి, పోయే కూలీలకు కేకేసి చెప్పింది. "వచ్చిందే! మా కోడలికి జరం వచ్చింది!" వాళ్ళు అర్థంకాక నిలబడి చూశారు.

తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, అమ్మ వదిన తల దగ్గర కూర్చుంది. నుదుటి మీద చేయి పెట్టింది.

"కాలుతుంది" అంది.

చీకటి పడేదాకా ఆ చేయి తీయలేదు.